బోర్లా పడితే బొబ్బట్లు

పది నెలలు నిండినా మనవరాలు పాకడం లేదని మా అమ్మాయికి బెంగ పట్టుకుంది. ఎదురింటి బాబు అదే వయసుకి గోడ పట్టుకుని అడుగులేస్తున్నాడట. మా బుజ్జిది మాత్రం ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, పిర్రల మీద దేక్కుంటూ హాలంతా చుట్టబెట్టేస్తోంది. పాకే పిల్లలకు చేతులు నేల మీద ఉండాలి. దీనికి ఆ బాధ లేదు. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో వాళ్ల నాన్న చెప్పు పట్టుకుని మరీ ప్రయాణం!

“మరి పాయసం చెయ్యాలా వద్దా నాన్నా?” అంది అమ్మాయి.

మన ఇళ్లలో పసిపిల్లల ఎదుగుదలకి పిండివంటల లెక్క ఒకటుంది కదా. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ప్రాస కుదిరిందని నవ్వుకుని ఊరుకోకండి, ఆ వరస గమనించండి. మొదట మొహం, తర్వాత మెడా నడుమూ, ఆ తర్వాత మోకాళ్లు, చివరికి పాదాలు. బిడ్డకి ఒంటి మీద పట్టు తల నుంచి కిందికి దిగుతూ వస్తుందని సైన్సు చెప్పేదీ ఇదే. నెలన్నర అయ్యేసరికి మన మొహం చూసి నవ్వుతారు. మూడు నాలుగు నెలలకి మెడ నిలుస్తుంది. ఆరో నెల అటూ ఇటూగా కూర్చుంటారు. కాళ్ల వంతు ఆఖర్న వస్తుంది.

ఎందుకలాగ? మెదడు నుంచి కండరాలకు కబురు మోసే నరాల చుట్టూ కొవ్వుతో కూడిన పొర ఒకటి పెరుగుతుంది. దాని పేరు మైలిన్. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే ఇది నరానికి తొడుగు. పైగా ఇది పట్టిన నరంలో కబురు ఎన్నో రెట్లు వేగంగా పరుగెడుతుంది. ఈ పొర అన్ని నరాలకూ ఒకేసారి పట్టదు. మెదడు నుంచి వెన్నుపాము గుండా దిగే నరాలకు పట్టడం రెండో ఏటిదాకా సాగుతూనే ఉంటుంది. దానికి తోడు కండకి బలం రావాలి, పడుతూ లేస్తూ సాధన జరగాలి. పాదాలదాకా ఇవన్నీ కూడిరావడం ఒక్కో బిడ్డలో ఒక్కో వేళకి జరుగుతుంది.

ఆ తేడా ఎంతో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లల్ని వెంట ఉండి గమనించి, 2006లో ఆ లెక్కలు ప్రచురించింది. మనవైపు నుంచి అందులో ఉన్నది ఢిల్లీ పిల్లలు. ఆసరా లేకుండా నడవడం కొందరికి ఎనిమిది నెలలు దాటగానే వచ్చేసింది. కొందరికి పదిహేడున్నర నెలలు పట్టింది. అందరూ చక్కని పిల్లలే! ఇంకో సంగతి, వాళ్లలో నూటికి నలుగురు చేతులూ మోకాళ్లూ ఆన్చి పాకనే లేదు. ఆ మెట్టు ఎక్కకుండానే నడకలోకి వెళ్లిపోయారు. మా బుజ్జిదానిలా దేకే పిల్లలు నడవడం కాస్త ఆలస్యం కావడమూ మామూలే.

అందుకే దేకినా పాయసం చెయ్యాల్సిందేనని నా తీర్పు చెప్పాను. వాళ్లమ్మమ్మ అప్పటికే సేమ్యా వేయిస్తోంది. అయితే ఒక్క మాట. తొమ్మిదిన్నర నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, ఏడాదిన్నర దాటినా నడక రాకపోతే, వచ్చిన పని మళ్లీ పోతే, ఇరుగుపొరుగుని అడుగుతూ రోజులు గడపకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.

తల ముందు, కాళ్లు తర్వాత అనే ఈ వరస ఒంటి కొలతల్లోనూ కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్లలో అది ఏడో వంతో ఎనిమిదో వంతో. మెదడుకి అంత తొందర మరి! ఆరేళ్లు వచ్చేసరికే అది పెద్దవాళ్ల మెదడులో తొంభై శాతం దాకా పెరిగిపోతుంది. పెరిగే మెదడుకి చోటివ్వాలనే పుర్రె ఎముకలు మొదట్లో అతుక్కోవు. నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు ఆ ఎముకల నడుమ ఖాళీయే. ఆముదం పెట్టినా పెట్టకపోయినా మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లకి అది పూడుతుంది. పాపాయి గౌను తీసేటప్పుడు ఒళ్లంతా వచ్చి తల దగ్గర చిక్కుకుంటుందే, అదీ ఇందుకే. భుజం మీద గుండీలు పెట్టి కుట్టే దర్జీలకి ఈ సంగతి బాగా తెలుసు.

మా చిన్నప్పుడు పల్లెల్లో పుట్టినరోజు కాగితాలు ఎవరి దగ్గర ఉండేవి? బడిలో వెయ్యడానికి తీసుకెళ్తే పంతులుగారు, “కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోరా” అనేవారు. అందితే పలక పట్టుకుని లోపలికి, అందకపోతే వచ్చే ఏడాది. అది ఉత్త మాట కాదు. తల ఎదుగుదల నెమ్మదించి, చేతులు సాగి దాన్ని చుట్టి అందుకునే వేళ ఇంచుమించు ఆరేడేళ్లకి వస్తుంది. తిండి చాలక గిడసబారిన పిల్లలకి ఈ కొలత అన్యాయం చేసేది, అది నిజం. వయసు లెక్కకి పనికిరాదు గానీ, ఒళ్లు ఎదిగే తీరు కళ్లకు కట్టడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు.

మీ ఇంట్లోనూ చేయించి చూడండి. మా పెద్ద మనవడికి నాలుగేళ్లు. వేళ్లు నడినెత్తి దాటి, అవతలి చెవికి పైన జుట్టులో ఆగిపోయాయి. తల వంచి చూశాడు, భుజం ఎగరేసి చూశాడు, అయినా అందలేదు. బుజ్జిదాని చేతులు రెండూ నేనే పైకెత్తి చూశాను. వేలికొసలు నడినెత్తి దాటీ దాటనట్టు ఉన్నాయి.