గుమ్మడి పాదు దగ్గర కాసేపు

పోయిన చలికాలంలో కూలిరేట్ల మీటింగుకని గుంటూరు జిల్లాలో ఒక పల్లెకు వెళ్ళాం. మీటింగు ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. సంఘం సభ్యురాలి ఇంట్లోనే పడుకున్నాం. తెల్లారి వేపపుల్ల నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళితే జుమ్మని ఒకటే రొద.

రెండు సెంట్ల స్థలం. ఇల్లు పోగా మిగిలింది నాలుగు మంచాల జాగా. అందులోనే ఒక గుమ్మడి పాదు, మునగచెట్టు, నాలుగు బంతి మొక్కలు. వాటి నిండా తేనెటీగలు.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఈగ పని ఆలోపే జరగాలి. కూలికి పోయే మనిషి లాగే దానికీ పొద్దుటి పూటే తొందర.

ఒక ఈగ మగపువ్వులో దూరింది. బయటికొచ్చేసరికి ఒళ్ళంతా పసుపు. కాళ్ళతో దులుపుకుని, ఆ పుప్పొడిని ముద్ద చేసి వెనక కాళ్ళకు అంటించుకుంది. అక్కణ్ణించి పిందె ఉన్న పువ్వు మీద వాలింది. పళ్ళు తోముకోవటం మరచి అక్కడే చతికిలబడ్డాం.

"ఏందన్నా, అట్టా కూచున్నావు? కుడతయ్యి" అంది ఇంటామె.

"కుట్టవులే చెల్లెమ్మా, వాటి పనిలో అవి ఉన్నాయి."

ఆమె కూడా వచ్చి నిలబడింది. "రోజూ ఈ కాసేపు చూస్తానన్నా. మనసు నిమ్మళంగా ఉంటది. పోయినేడు పక్క పత్తిచేలో పొద్దున్నే మందు కొట్టారు. పాదు కింద చచ్చిన ఈగలే. తర్వాత పిందెలన్నీ పండిపోయి రాలినయ్యి." కాసేపాగి అంది: "ఆ మందు కొట్టింది మా ఆయనే. రెండు రోజులు వాంతులు."

ఈగల సంసారం గురించి చదివింది గుర్తొచ్చింది. పాటుపడే ఈగలన్నీ ఆడవే. రాణి అని పేరే గాని అది ఏలేదేమీ లేదు, గుడ్లు పెట్టటమే దాని పని. పూలెక్కడున్నాయో చూసొచ్చిన ఈగ, పట్టు మీద ఒకరకంగా ఆడి తోటివాటికి దారి చెబుతుంది. ఆ ఆట అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. పని ముమ్మరంగా ఉండే రోజుల్లో కూలీ ఈగ ఆయుష్షు ఆరు వారాలు. జీవితమంతా తిరిగి అది చేసే తేనె చిన్న చెంచాలో పన్నెండో వంతు!

ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది. మిగతా విషాలు కొట్లో దొరుకుతూనే ఉన్నాయి. వీపున డబ్బా మోసే కూలీ, పువ్వు మీద వాలే ఈగ - ఆ విషం ముందు తగిలేది ఈ ఇద్దరికే.

ఆ రోజే సంఘం వాళ్ళతో మళ్ళీ కూర్చున్నాం. కూలిరేటు పక్కన ఇంకో రెండు కోర్కెలు రాశాం. పూత మీద మందు కొట్టించకూడదు, తప్పదంటే ఈగలు పట్టుకు చేరాక, పొద్దువాలాక కొట్టించాలి. కొట్టేవాడికి ముఖానికి ముసుగు, చేతులకు తొడుగులు, కడుక్కోటానికి సబ్బు, నీళ్ళు చేను యజమానే ఇవ్వాలి.

ఈగలకు కూడా సంఘమా అని నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. మీ పెరట్లో ఒక పాదున్నా చాలు, రేపు పనికి పోయేముందు కాసేపు కూర్చుని చూడండి. చూసే తీరిక కూడా మనం అడిగి తెచ్చుకోవలసిందే.