ఊరెళ్తే కుక్కను ఎక్కడ వదలాలి?

వేసవి సెలవులు, షాదీలు, ఉమ్రా ప్రయాణం... గోదావరిఖని, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ, ఎన్టీపీసీ వైపు కుటుంబాలు ఇంటికి తాళం వేసే సందర్భాలు చాలానే ఉంటాయి. కాపలాకు కుక్కను పెంచుకుంటున్న ఇళ్లలో అప్పుడే చిక్కు వస్తుంది. పక్కింట్లో చెప్పి, "రోజూ ఇంత అన్నం వేయండి భాయ్" అని వెళ్లిపోవడం అలవాటు. ఆ భాయ్ వారం మధ్యలో నైట్ షిఫ్టుకు మారితే కుక్క సంగతేంటి?

వేటకు, పశువులకు, పంట కాపలాకు కుక్కను ఉంచుకోవడానికి హదీసుల్లో అనుమతి ఉంది. ఇంటి కాపలాను కూడా చాలామంది ఉలమా అందులోనే చేరుస్తారు. పిల్లిని కట్టేసి తిండి పెట్టని స్త్రీ గురించి, దప్పికతో ఉన్న కుక్కకు నీళ్లు తోడిన మనిషి గురించి బయానుల్లో విననివాళ్లు ఉండరు. ఉంచుకున్నాక అది మన జిమ్మేదారీ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కూడా పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తిండి, నీళ్లు, నీడ లేకుండా ఉంచడం నేరమే.

డబ్బులు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే బోర్డింగుకు పంపాలనుకుంటే ముందు స్వయంగా వెళ్లి చూడాలి, అదీ మధ్యాహ్నం పూట. మన దగ్గర మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైన రేకులుండి గాలి ఆడని గదిలో కుక్కకు వడదెబ్బ తగిలి ప్రాణమే పోవచ్చు. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకా ప్రమాదం. లోపల చూపించనంటే ఇంకేమీ అడగక్కర్లేదు, వెనక్కి వచ్చేయడమే.

టీకా కార్డు అడుగుతున్నారా లేదా అన్నది అసలు పరీక్ష. మనల్ని అడగనివాళ్లు పక్క బోనులో ఉన్న కుక్క యజమానినీ అడిగి ఉండరు. పార్వో, డిస్టెంపర్ ఒకదాన్నుంచి ఒకదానికి సులువుగా అంటుకుంటాయి. రేబిస్‌తో పాటు వీటి టీకాలు ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. ముందు రోజు వేయిస్తే ఆ టీకా అప్పటికి పనిచేయడం మొదలుపెట్టదు.

రాత్రి అక్కడ మనిషి ఉంటాడా, గేటుకు రెండో తలుపు ఉందా అని కూడా అడగాలి. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ చప్పుడుకు, పెళ్లి బరాత్ టపాసులకు బెదిరి గోడ దూకే కుక్కలు ఉంటాయి.

స్నానం, కటింగ్ చేయించేటప్పుడు దగ్గరే నిలబడనిచ్చే చోటు మేలు. డాక్టర్ లేకుండా మత్తు ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. వేడి డ్రయ్యర్ పెట్టి బోనులో వదిలేయడం కూడా ప్రమాదమే. ఎండలకని బొచ్చు మొత్తం గీయించేస్తారు కొందరు. దానివల్ల చర్మం కమిలిపోతుంది, చల్లదనం మాత్రం రాదు.

మొదటిసారే పది రోజులు వదలకుండా ఒక్క రాత్రి ఉంచి చూడాలి. తినకుండా మూలన ముడుచుకుంటే పక్కింటి భాయే నయం. కాకపోతే ఇద్దరికి చెప్పి పెట్టుకోవాలి, వేర్వేరు షిఫ్టుల వాళ్లయితే మంచిది. పశువుల డాక్టర్ నంబరు, ఖర్చుకు కొంత డబ్బు ఇచ్చి వెళ్లాలి. జ్వరమొస్తే మనుషుల పారాసిటమాల్ వేయొద్దని గట్టిగా చెప్పాలి. పిల్లులకైతే ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు.

తిరిగొచ్చాక చెవుల లోపల, కాలి వేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయేమో వెతకాలి. రెండు వారాల లోపు వాంతులు, నెత్తురు విరేచనాలు కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు, అదే రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.