ఊరి మంచినీటి బోరుకు నిధులున్నాయి, అడిగి రాబట్టండి!

సంజామల మండల రైతు సోదరులారా! 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని రెండు పనులకే కేటాయించింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వలకు. రోడ్లకు మళ్లించడానికి వీల్లేదు. మీ ఊరికి ఎంతొచ్చింది, నీటికి ఎంత ఖర్చయింది? గ్రామసభలో లెక్క అడగండి. బోరు చుట్టూ సిమెంటు గట్టు, మురుగు కాలువ, వాననీటికి ఇంకుడుగుంత... ఈ పనులు పంచాయతీ ప్రణాళికలో రాయించండి.

మన వంతూ ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదు. మందు కొట్టే పంపులు అక్కడ కడగొద్దు. పశువులను కట్టేయొద్దు. పొలం బోరు ఎండితే ఒక ఇంటికి కష్టం. ఊరి బోరు ఎండితే ఇల్లిల్లూ బిందె పట్టుకుని ట్యాంకరు వెంట పరుగే!