ఇంటిపట్టున విద్యుద్విద్య

ఇంజనీరింగు పరీక్షయందు కృతార్థురాలైన కుమార్తె వివాహానంతరమున ఇంటనే యుండిపోయినచో, ఆమె చదువు అంతటితో ముగిసెనని మనము తలంచుచున్నాము. అట్లు తలంప నక్కఱలేదని చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట మన యింటి పంకాను జూడుడు. పాత పంకా ఇంచుమించు 75 వాట్ల విద్యుత్తును గొనుచుండగా, బి.ఎల్.డి.సి. యను క్రొత్త రకపు పంకా 30 వాట్లతోనే దాదాపు అంత గాలిని ఇచ్చుచున్నది. దినమునకు 10 గంటలు తిరిగినచో నెలకు 13 యూనిట్లకు పైగా మిగులును. ఈ మిగులు పంకాలోని అయస్కాంతముల వలనను, దానిని నడపు చిన్న విద్యుత్ పలక వలనను వచ్చినది.

పూర్వపు పెద్ద రెగ్యులేటరు పెట్టె పంకా వేగమును తగ్గించునపుడు తాను వేడెక్కుచుండెడిది. అనగా కొంత విద్యుత్తు వ్యర్థమగుచుండెడిది. క్రొత్త పలక యట్లు చేయదు. అన్నము పొంగునపుడు గృహిణి కట్టెను వెనుకకు లాగి, పిమ్మట మరల లోనికి త్రోయును గదా! అట్లే ఈ పలకలోని సూక్ష్మమైన మీటలు సెకనునకు వేలకొలది పర్యాయములు విద్యుత్తును విడుచుచు, ఆపుచు, కావలసినంత మాత్రమే మోటారున కందించును. ఈ విద్యకే పవర్ ఎలక్ట్రానిక్సు అని పేరు.

మన నెల్లూరు తీరమున ఈ విద్యకు పని కొఱతలేదు. ముత్తుకూరు మండలమందలి నేలటూరున 800 మెగావాట్ల యంత్రములు మూడు బొగ్గుతో విద్యుత్తును పుట్టించుచున్నవి. మనము పొదుపు చేసినకొలది బొగ్గు మిగులును. రొయ్యల చెఱువులలో నీటికి గాలి నందించు చక్రములు రాత్రివేళ ఆగిపోయినచో, కొన్ని గంటలలోనే పంట నశింపవచ్చును. సముద్రపు టుప్పుగాలికి పలకలలోని లోహము చెడును. ఈ కష్టములను చిన్ననాటినుండి యెఱిగిన పిల్లయే వీనికి ఉపాయము వెదకుటకు తగినది కాదా?

ఇది నేర్చుటకు పట్టణవాస మవసరములేదు. ఐ.ఐ.టి.లును, బెంగుళూరు ఐ.ఐ.ఎస్.సి.యును కలిసి 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు ఇంటర్నెట్టులో నున్నవి. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు బి.జి. ఫెర్నాండెజ్ గారును, బెంగుళూరు ఆచార్యులు ఎల్. ఉమానంద్ గారును ఈ విద్యపై చేసిన ఉపన్యాసములు అందు గలవు. వినుటకు రుసుము లేదు. ఆ సంస్థ నడపు పరీక్షలలో యోగ్యతాపత్రము గోరువారు మాత్రము రుసుము చెల్లించి, నిర్ణీత కేంద్రమునకు బోయి పరీక్ష వ్రాయవలెను.

అయితే వినుటతోనే విద్య రాదు. ఎల్.టి.స్పైస్ అను ఉచిత సాధనముతో కంప్యూటరుపై విద్యుద్వలయమును కూర్చి, ఏ భాగమునందు ఎంత విద్యుత్తు వ్యర్థమగునో చూచుకొనవచ్చును. నిజమైన పలకను మాత్రము తెలిసినవారు ప్రక్కనుండగా దప్ప విప్పరాదు. విద్యుత్తు ఆపిన తరువాతను కెపాసిటరులలో అపాయకరమగు శక్తి నిలిచియుండును.

అమ్మలారా, అత్తలారా! పాఠములకు వెల లేదు గాని, వాని కొఱకు దినమునకు రెండు గంటల కాలము కావలెను. అది యింటివారే ఇయ్యవలెను. ఆ రెండు గంటలు బిడ్డ నెత్తుకొనుటకును, పొయ్యి చూచుటకును ఇంటిలో మఱియొకరు పూనుకొన్ననే ఆమె చదువు సాగును. మీ యింట అట్టి కుమార్తె గాని, కోడలు గాని యున్నచో, నేటి సాయంకాలమే ఆమె నడిగి చూడుడు.