పత్రిక పేరు ఎవరి సొత్తు?

పత్రిక పేరుకు చట్టంలో రెండు రక్షణలున్నాయి. మిర్చి, పత్తి ధరలు వేస్తూ గుంటూరులో వారపత్రిక పెట్టదలచినవారు ముందు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర పేరు ఖాయం చేసుకోవాలి. 1867 నాటి చట్టం స్థానంలో 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, అదే భాషలో దేశంలో ఎక్కడైనా, అదే రాష్ట్రంలో ఏ భాషలోనైనా మరొకరికున్న పేరు గానీ, దాన్ని పోలిన పేరు గానీ ఇవ్వరు. ఒంగోలు తెలుగు పత్రిక పేరు హైదరాబాదులో ఇంకో తెలుగు పత్రికకు దొరకదు.

ఇది ట్రేడ్‌మార్క్ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ హక్కును 1999 చట్టం కింద, అచ్చుపుస్తకాలు చేరే 16వ తరగతిలో విడిగా తీసుకోవాలి. తీసుకోకపోయినా, ఆ పేరుతో పాఠకుల్లో గుర్తింపు తెచ్చుకున్నవారు ‘పాసింగ్ ఆఫ్’ దావా వేయవచ్చు. ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణి చేశారన్నదే అక్కడ ఆరోపణ.

తెలుగునాట పేరుమోసిన వ్యాజ్యం పత్రికకూ అగరుబత్తికీ మధ్య నడిచింది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ పేరునే బెంగళూరు సంస్థ ఒకటి అగరుబత్తులకు పెట్టింది. కన్నడంలో దానికి ‘ఈ నేల’ అని అర్థమని వాదించింది. మాట మామూలుదే అయినా ఆంధ్రప్రదేశ్‌లో అది పత్రికకే గుర్తుగా స్థిరపడిందని సుప్రీంకోర్టు 2011లో తేల్చి, రాష్ట్రంలో అగరుబత్తులకు ఆ పేరు వాడరాదంది. సరుకులు వేరైనా ఏళ్ల కష్టంతో వచ్చిన మంచిపేరును కాపాడటం న్యాయమే.