సృష్టికి ప్రయోజనం ఉందా? - బ్రహ్మసూత్రాల్లోని చర్చ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విశ్వానికి ప్రయోజనం ఉందా, జీవితానికి ప్రయోజనం ఉందా అనే ప్రశ్నలు తరచుగా ఒకే ప్రశ్నగా చర్చకు వస్తుంటాయి. ఈ రెండింటినీ ఎందుకు వేరుచేసి చూడాలో బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం, దానికి శంకరుల భాష్యం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రయోజనం, లీల, ఆప్తకాముడు, సాంఖ్యం, పురుషార్థం.

1. పూర్వపక్షం:
బ్రహ్మమే జగత్కారణమని స్థాపించే సందర్భంలో సూత్రకారుడు ఒక బలమైన ఆక్షేపాన్ని ప్రస్తావిస్తాడు (2.1.32). ఈశ్వరుడు ఏదో ప్రయోజనం కోరి సృష్టి చేశాడంటే, ఆయనకు ఏదో కొరత ఉన్నట్లవుతుంది, పరిపూర్ణత్వం భంగపడుతుంది. ప్రయోజనమేమీ లేకుండా చేశాడంటే, ఆ పని ఉన్మత్తుని చేష్టతో సమానమవుతుంది, సర్వజ్ఞత్వం నిలవదు. ప్రయోజనం అనే భావనలోనే కొరత ఇమిడి ఉందన్న గుర్తింపు ఈ ఆక్షేపానికి మూలం.

2. లీలావాదం:
తరువాతి సూత్రం (2.1.33) దీనికి లీలను సమాధానంగా చూపుతుంది. శంకరులు రెండు దృష్టాంతాలిచ్చారు. కోరికలన్నీ తీరిన రాజు విహారాలలో క్రీడించడం మొదటిది. ఉచ్ఛ్వాస నిశ్వాసాలు సహజంగా సాగడం రెండవది. లౌకిక క్రీడలో సూక్ష్మమైన ప్రయోజనం ఏదైనా ఉండవచ్చునని శంకరులే అంగీకరించారు. ఆప్తకాముడైన ఈశ్వరునికి అదీ ఉండదన్నారు. అందువల్ల లీల అంటే ఇక్కడ వినోదం కాదు, కొరత నుండి పుట్టని ప్రవృత్తి. తెలుగు వ్యవహారంలో ‘అంతా ఆయన లీల’ అన్నప్పుడు ధ్వనించే విధి అనే అర్థం కూడా ఈ సందర్భానికి చెందదు.

3. దుఃఖం - వైషమ్యం:
సృష్టి లీల అయితే, అందులో ప్రాణులు అనుభవించే దుఃఖానికి బాధ్యులెవరు? లీలావాదం ఎదుర్కోవలసిన కఠినమైన ప్రశ్న ఇది. సూత్రకారుడు వెంటనే దీనిని చేపట్టాడు (2.1.34). సృష్టిలోని హెచ్చుతగ్గులు జీవుల కర్మను అనుసరించి ఏర్పడినవని సమాధానం. సృష్టికి ముందు కర్మ ఎక్కడిదన్న ప్రశ్నకు, సంసారం అనాది అని తరువాతి సూత్రం (2.1.35) బదులిస్తుంది. అయితే అనాదిత్వం దుఃఖానికి తొలి కారణాన్ని చూపదు. తొలి కారణాన్ని వెదకడమే కుదరదంటుంది. ఈ సమాధానం బలం, పరిమితి రెండూ ఇక్కడే ఉన్నాయి.

4. అచేతనానికి ప్రయోజనం - సాంఖ్యం:
ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక వేరొక మార్గం పట్టింది. దూడ పోషణకై అచేతనమైన పాలు స్రవించినట్లే, ప్రకృతి పురుషుని మోక్షానికై ప్రవర్తిస్తుందని దాని వాదం. ఆవు చేతనమైనదనీ, దూడపై వాత్సల్యంతోనే పాలు చేపుతుందనీ శంకరుల ఖండన (2.2.3). ఉద్దేశించే చేతనుడు లేకుండా ప్రయోజనం సాధ్యమా అన్నదే వీరి మధ్య వివాదం. 1859లో డార్విన్ జాతుల ఉత్పత్తి గ్రంథం ఈ ప్రశ్నకు వేరొక రూపమిచ్చింది. జీవుల అవయవాల్లో కనిపించే అనుకూలత, ఎవరి ఉద్దేశమూ లేకుండానే ప్రకృతివరణం ద్వారా ఏర్పడగలదని అది ప్రతిపాదించింది. అయితే సాంఖ్యంలో ప్రకృతికి ఒక చరమలక్ష్యం ఉంది. ప్రకృతివరణానికి అటువంటిది లేదు. కనుక ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

5. ముగింపు:
కొరత ఉన్నచోటనే ప్రయోజనం ఉంటుందన్న పూర్వపక్షి సూత్రాన్ని వేదాంతం తిరస్కరించలేదు. అది ఈశ్వరునికి వర్తించదన్నది. కొరత ఉన్న జీవునికి మాత్రం అది పూర్తిగా వర్తిస్తుంది. పురుషుడు కోరేది కనుకనే దానికి పురుషార్థమని పేరు. విశ్వానికి ప్రయోజనం లేదని తేలినంత మాత్రాన జీవితం నిరర్థకమని తేలదు. విశ్వప్రయోజనాన్ని నిరాకరించిన శాస్త్రమే మోక్షాన్ని పరమప్రయోజనంగా ప్రతిపాదించడంలో వైరుధ్యం లేకపోవడానికి కారణం ఇదే.