నొప్పి పోయింది సరే, టెండన్ అతికిందా?

బాక్స్ క్రికెట్‌లో సింగిల్ కోసం కదిలాను. వెనక నుంచి ఎవరో మడమ మీద తన్నినట్టు 'టప్'మని శబ్దం. తిరిగి చూస్తే ఎవరూ లేరు! తెగింది నా అకిలిస్ టెండన్. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టే తాడు అది.

ఆపరేషన్ అయ్యి నాలుగు నెలలు దాటాక నొప్పి లేదు, మెట్లు హాయిగా ఎక్కేస్తున్నా. ఆఫీస్ టోర్నమెంట్‌కి పేరిచ్చేద్దాం అనుకున్నా. ఫిజియో గారు "ఒంటికాలి మీద నిలబడి మడమ పైకి లేపండి" అన్నారు. ఒక్కసారి కూడా లేవలేదు.

మరి లోపల ఎంతవరకు అతికిందో తెలిసేదెలా? సర్వర్ పాడైతే మేం లాగ్స్ చూస్తాం. ఒంటికి అలాంటివి ఉన్నాయా అని వెతికితే, ఉన్నాయి. అవి ప్రోటీన్లు.

టెండన్‌లో ఎక్కువగా ఉండేది టైప్ 1 కొల్లాజెన్. పేనిన తాడులా పోగులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. తెగితే ముందు వాపు వస్తుంది. తర్వాత ఒళ్లు హడావిడిగా టైప్ 3 కొల్లాజెన్‌తో అతుకు వేస్తుంది. దీని పోగులు సన్నం, పైగా చిందరవందర. వాటి స్థానంలో మళ్లీ టైప్ 1 పేనడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. నొప్పేమో ఎప్పుడో పోయి ఉంటుంది. చిక్కంతా అక్కడే!

కొల్లాజెన్ తయారయ్యేటప్పుడు దాని కొసలు తెగి బయటపడతాయి. టైలర్ షాపులో కింద పడ్డ గుడ్డపీలికలు చూసి ఎంత కుట్టారో అంచనా వేసినట్టు, వీటినీ కొలవొచ్చు. టైప్ 1 కొసని పి1ఎన్‌పి అంటారు, టైప్ 3ది పి3ఎన్‌పి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆపరేషన్ అయిన రెండు వారాలకు టెండన్ పక్కన సన్నటి గొట్టం పెట్టి, అక్కడి ద్రవంలో వీటిని కొలిచారు. ఏడాది తర్వాత ఎవరు ఎంత కోలుకున్నారో దాంతో పోల్చి చూశారు. గాయం మానే తొలి దశలో కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ డి అనే ఇమ్యూనిటీ ప్రోటీన్ తక్కువగా ఉన్నవాళ్లు తర్వాత మెరుగ్గా ఉన్నారనీ అక్కడివాళ్లే గమనించారు.

రక్తపరీక్షతో తేల్చేయొచ్చుగా అంటారా? నేనూ అదే అడిగా. పి1ఎన్‌పి రక్తపరీక్ష ఉంది కానీ, అది వాడేది ఎముకల కోసం. ఎముకల్లోనూ టైప్ 1 కొల్లాజెనే కదా, ఒంట్లోని ఎముకలన్నీ వదిలే కొసల మధ్య ఒక్క మడమది ఎక్కడ దొరుకుతుంది? అందుకే డాక్టర్లు ఇప్పటికీ స్కాన్, చేతి పరీక్ష, ఆ మడమ లేపే టెస్టు మీదే ఆధారపడతారు.

మహ్మద్ షమీకి 2024 ఫిబ్రవరిలో అకిలిస్ ఆపరేషన్ అయితే మళ్లీ రంజీలో బంతి పట్టింది నవంబర్‌లో. మధ్యలో మోకాలి వాపు కూడా ఇబ్బంది పెట్టిందనుకోండి. అయినా, పక్కనే ఫిజియోలు ఉండే మనిషికే అన్ని నెలలు పట్టింది.

ప్రస్తుతం నా ఎడమ మడమ పదకొండుసార్లు లేస్తోంది, కుడిది ఇరవై ఐదు. శనివారం మ్యాచ్‌కి వెళ్తున్నా, స్కోరర్‌గా.